కడబంతివాడికీ వెలుతురు కావాలి

(ఎం.ఎస్సీ. ఫైనల్, భౌతికశాస్త్రం)

సినిమాని మనవాళ్లు వెండితెర అన్నారు. టీవీ వచ్చాక దాన్ని బుల్లితెర అన్నారు. ఇంట్లో ప్రొజెక్టర్ పెట్టుకుని గోడంత బొమ్మ చూసేదానికి మాత్రం ఇంకా తెలుగు పేరు కుదరలేదు. హోం థియేటర్ అనే అంటున్నాం. పేరు కుదరకపోతే పోనీయండి. దానికి తగిన తెర కుదుర్చుకోవడం గురించి మనలో చాలామంది ఆలోచించడం లేదన్నదే నా ఫిర్యాదు. ప్రొజెక్టర్ కొనాలంటే నెలల తరబడి వాకబు చేస్తారు. ఎన్ని ల్యూమెన్లు, బల్బుదా లేజర్‌దా, ఏ కంపెనీది అని పదిమందిని అడుగుతారు. తెర దగ్గరికి వచ్చేసరికి "ఏదో ఒక తెల్లగుడ్డ కట్టేద్దాంలే" అనేవాళ్లు కొందరు. షాపువాడు "ఇది హై గెయిన్ తెర సార్, బొమ్మ రెండింతలు వెలుగుతుంది" అనగానే ఆలోచించకుండా డబ్బు లెక్కపెట్టి ఇచ్చేవాళ్లు మరికొందరు. ఈ రెండు పద్ధతులూ మంచివి కావని మిత్రులకు మనవి చేయడానికే ఈ నాలుగు మాటలూ.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. తెరకి సొంత వెలుగు లేదు. ప్రొజెక్టర్ పంపిన వెలుతురునే అది గదిలోకి పంచిపెడుతుంది. అంటే పెళ్లిపందిట్లో వడ్డించేవాడి లాంటిది. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిని కూర్చున్నా ఫరవాలేదని పెద్దలు ఊరికే అనలేదు. గంగాళంలో వున్న పులిహోర పెరగదు. మధ్య విస్తళ్లలో రెండేసి గరిటెలు వేస్తే చివరి విస్తళ్లకి తగ్గుతుంది. తెర ఎంచుకోవడమంటే నా దృష్టిలో బట్ట ఎంచుకోవడం కాదు. ఇంట్లో ఎవరికి ఎంత వెలుతురు అందాలో నిర్ణయించడం.

ఈ మాటకి ఆధారం మన 'వెండితెర' అనే పేరులోనే వుంది. తొలిరోజుల్లో ప్రొజెక్టర్ దీపాలు నీరసంగా వుండేవి. ఆ కాస్త వెలుతురునీ చెదిరిపోనివ్వకుండా ప్రేక్షకుల వైపే తిప్పడానికి తెరలకు లోహపు పూత పూసేవారు. ఆ తళతళని చూసే వెండి అన్నారు. దీపాలు బలపడ్డాక ఆ పూతతో పని తగ్గి, తెల్లతెరలు వచ్చాయి. పేరు మాత్రం మిగిలింది. మళ్లీ 3డి పుణ్యమా అని ఆ పూత తిరిగి వచ్చింది. కుడి కంటికీ ఎడమ కంటికీ వేరు వేరు బొమ్మలు అందించే ధ్రువిత కాంతి మామూలు తెల్లతెర మీద పడితే ఆ ధ్రువణాన్ని పోగొట్టుకుంటుంది. లోహపు పూత అయితే దాన్ని నిలబెడుతుంది. 1984లో మలయాళంలో 'మై డియర్ కుట్టిచాతన్' వచ్చినప్పుడూ, 2009 చివర్లో 'అవతార్' వచ్చినప్పుడూ మనవాళ్లు కళ్లజోళ్లు పెట్టుకుని మురిసిపోయారు. అదే తెర మీద మామూలు సినిమా వేస్తే ఏమవుతుందో మాత్రం పక్క సీట్లవాళ్లకే తెలుసు. మధ్యలో ధగధగ, అంచుల్లో మసక.

దీనికి శాస్త్రంలో పేరు గెయిన్. మెగ్నీషియం కార్బొనేట్ వంటి శుద్ధమైన తెల్లటి దిమ్మ మీద వెలుతురు వేస్తే అది అన్ని వైపులకీ సమంగా చెదురుతుంది. దాన్ని 1 అనుకుని, మన తెర ఎదురుగా కూర్చున్నవాడికి అంతకు ఎన్ని రెట్లు వెలుగు ఇస్తుందో చెప్పే అంకె గెయిన్. మ్యాట్ వైట్ అనే మామూలు తెల్లతెర గెయిన్ 1కి అటూ ఇటూగా వుంటుంది. గెయిన్ 2 అన్నామంటే వెలుతురు రెట్టింపు పుట్టిందని కాదు, పక్కలకి పోవలసినది మధ్యకి వచ్చిందని అర్థం. షాపువాడు మొదటి సగం చెబుతాడు. రెండో సగం మనం అడగాలి. "సగం గెయిన్ కోణం ఎంతండీ?" అని. అంటే ఎదురు నుంచి ఎన్ని డిగ్రీలు పక్కకి జరిగితే వెలుగు సగానికి పడిపోతుందో ఆ కోణం. ఈ ప్రశ్నకి జవాబు చెప్పలేని చోట తెర కొనవద్దని నా సలహా.

అంకెల్లో చూద్దాం. ఇంట్లోవాళ్లంతా 10 అడుగుల దూరంలో కూర్చున్నారు. తెర 100 అంగుళాలది, అంటే ఏడుంబావు అడుగుల వెడల్పు. మధ్య సోఫాలో వున్న ఇంటాయనకి అంతా ఎదురే. మధ్య నుంచి 5 అడుగులు పక్కకి, గోడవారగా మంచం మీద నాయనమ్మ కూర్చుంది. ఆవిడకి తెర మధ్యభాగం దాదాపు 27 డిగ్రీల వాలులో వుంటుంది. తన వైపు అంచు 8 డిగ్రీల్లోనే వున్నా, అవతలి అంచు 40 డిగ్రీలు దాటిపోతుంది. సగం గెయిన్ కోణం 25 డిగ్రీలున్న తెర కట్టారనుకోండి. ఆవిడకి ఒకే బొమ్మలో ఒక పక్క వెన్నెల, ఒక పక్క అమావాస్య. ఎన్.టి.ఆర్. వెలుగులో వుంటాడు, ఎస్వీ రంగారావు చీకట్లోకి పోతాడు! ఆవిడ ఏమంటుంది? "నా కళ్లే పోయాయిరా నాయనా" అంటుంది. కళ్లు కావు, తెర. మా బంధువుల ఇంట్లో సరిగ్గా ఇదే చూశాను. వాళ్లు ఆవిణ్ణి కంటి డాక్టరుకి కూడా చూపించారు. ఎవరికీ మంచాన్ని మధ్యకి జరుపుదామనిగానీ, ఆ మెరుపు తెర తీసేద్దామనిగానీ తోచలేదు. ఇంట్లో మాట చెల్లే మనిషి మధ్యలో కూర్చుంటాడు. మధ్యలో కూర్చున్నవాడికి తెరలో లోపం కనపడదు. అసలు చిక్కంతా ఇక్కడే వుంది.

"అయితే మామూలు తెల్లతెర మీద బొమ్మ వెలవెలబోదా?" అని కొందరి భయం. దీనికీ లెక్క వుంది. ప్రొజెక్టర్ ల్యూమెన్లను తెర వైశాల్యంతో, అంటే చదరపు అడుగులతో భాగించి, గెయిన్‌తో గుణిస్తే వచ్చే అంకెని ఫుట్ లాంబర్ట్ అంటారు. పెద్ద థియేటర్లలో డిజిటల్ సినిమాకి ప్రమాణం 14 ఫుట్ లాంబర్ట్‌లు. మన 100 అంగుళాల తెర వైశాల్యం సుమారు 30 చదరపు అడుగులు. 30ని 14తో గుణిస్తే 420. అంటే చీకటి గదిలో, గెయిన్ 1 వున్న తెర మీద, 420 ల్యూమెన్లు నిజంగా పడితే సినిమా హాల్లో వున్నంత వెలుగు వచ్చేసినట్టే. 120 అంగుళాల తెరకి వైశాల్యం 43 చదరపు అడుగులు, కావలసినది సుమారు 600. పేరున్న ప్రొజెక్టర్లు 2000 అని చెప్పుకుంటాయి. సినిమాకి సరైన రంగుల్లో పెడితే కొంత తగ్గుతుంది. బల్బు ఆయుష్షని రాసే గంటలు కూడా దాని వెలుగు సగానికి పడిపోయేవరకూ వేసిన లెక్కే. ఇవన్నీ పోయినా, గది చీకటి చేస్తే మామూలు తెర చాలు. చవకరకం బుల్లి ప్రొజెక్టర్ల డబ్బాల మీద వేసే వేలకు వేల ల్యూమెన్లని మాత్రం నమ్మకండి. ఆన్సీ ల్యూమెన్లు ఎన్నో అడగండి.

'చీకటి చేస్తే' అన్నాను చూశారూ, ఆ మాట దగ్గర ఆగాలి. ప్రొజెక్టర్ తెలుపు వెయ్యగలదు, ఎరుపు వెయ్యగలదు, నలుపు వెయ్యలేదు. తెర మీద నలుపంటే వెలుతురు పడని చోటు మాత్రమే. గదిలో ట్యూబ్‌లైటు వెలుగుతుంటే ఆ నలుపు మన కళ్లెదుటే బూడిదరంగు అయిపోతుంది. లైట్లు ఆర్పినా శత్రువు ఇంకొకడు వున్నాడు. తెల్ల సున్నం వేసిన పైకప్పూ, పక్క గోడలూను. మ్యాట్ తెర అందరికీ సమంగా పంచుతుందన్నాం కదా, గోడలకీ పంచుతుంది. గోడలు దాన్ని తిరిగి తెర మీదికే విసురుతాయి, బొమ్మ పాలిపోతుంది. కాబట్టి తెరకి దగ్గరగా వున్న పక్క గోడలకీ పైకప్పుకీ మెరవని ముదురు రంగు వేయడం, కిటికీలకి దళసరి కర్టెన్లు కట్టడం, ఖరీదైన తెర కొనడంకన్నా ముందు చేయాల్సిన పనులు. మెరుపు తెరకి పెట్టే డబ్బులో కొద్దిపాటి ఖర్చుతో ఇది అయిపోతుంది.

ఇక బూడిదరంగు తెరలూ, గదిలోని వెలుతురుని కాదంటాయని చెప్పే ఎ.ఎల్.ఆర్. తెరలూ వున్నాయి. వీటిని నేను తిట్టను. పగటిపూట క్రికెట్ చూడాలి, హాలుకి కర్టెన్లు కుదరవు అన్నవాళ్లకి ఇవి పనికొస్తాయి. బూడిదరంగు తెర నలుపుని బాగా చూపిస్తుంది గానీ తెలుపుని కూడా కొంత మింగుతుంది. ఎ.ఎల్.ఆర్. తెర ఒక దిక్కు నుంచి వచ్చిన వెలుతురునే మనకి పంపి, మిగతా దిక్కులది మింగుతుంది. తెర కిందే బల్ల మీద పెట్టే ప్రొజెక్టర్ కోసం చేసిన రకంలో కంటికి కనపడనంత సన్నని మెట్లు వుంటాయి. కింద నుంచి వచ్చినది మనకి, పై నుంచి వచ్చినది బుగ్గి. ఆ తెర కొని, పైకప్పుకి ప్రొజెక్టర్ బిగించారో, తెర మీ ప్రొజెక్టర్‌నే శత్రువనుకుని దాని వెలుతురుని మింగేస్తుంది! పైగా ఇలాంటి తెరల్లో చాలావాటికి చూసే కోణం తక్కువ. మళ్లీ నాయనమ్మ మంచం దగ్గరికే వచ్చాం. గది చీకటి చెయ్యడం బొత్తిగా కుదరదంటే తెర ఊసు మానేసి, అదే డబ్బుతో పెద్ద టీవీ కొనుక్కోవడం మేలని నిజాయితీగా చెప్పాలి. ఇప్పుడు 98, 100 అంగుళాల టీవీలు కూడా అమ్ముతున్నారు.

కొలతల విషయంలో మనకి ఆశ ఎక్కువ. గోడ ఎంతుంటే తెర అంత కావాలంటారు. 100 నుంచి 120 అంగుళాలకి పోతే వైశాల్యం 44 శాతం పెరుగుతుంది. అదే ప్రొజెక్టర్‌తో వెలుగు 30 శాతం తగ్గుతుంది. వైశాల్యం పెంచి, వెలుగు చాలక హై గెయిన్ తెర కొని, పక్కవాళ్లకి చీకటి చేయడం ఒక విష వలయం. కూర్చునే చోటు నుంచి తెర వెడల్పు 30 నుంచి 40 డిగ్రీల కోణంలో కనపడితే కంటికి హాయి. 100 అంగుళాల తెరకి అది 10 అడుగుల నుంచి పదమూడున్నర అడుగుల దూరం. మన అపార్ట్‌మెంట్ హాళ్లలో దొరికే దూరం చాలావరకు ఇంతే. పాత టూరింగ్ టాకీసుల్లో నేల టికెట్టువాడు తెర ముందు మెడ వెనక్కి వాల్చి చూసేవాడు, చవక టికెట్టు గనక తప్పలేదు. సొంత ఇంట్లో పిల్లలకి ఆ శిక్ష ఎందుకు? మన ఇళ్లలో చాపమీద కూర్చునేవాళ్లూ వుంటారు, సోఫాలో కూర్చునేవాళ్లూ వుంటారు. తెర అడుగు అంచు నేలకి రెండున్నర అడుగుల ఎత్తున వుంటే ఇద్దరికీ సరిపోతుంది.

ఆకారం సంగతి. 1957 నాటి 'మాయాబజార్' దాదాపు చతురస్రానికి దగ్గరగా వుండే బొమ్మ. 1974లో వచ్చిన 'అల్లూరి సీతారామరాజు' తెలుగులో మొదటి సినిమాస్కోప్. 1986లో 'సింహాసనం'తో 70 ఎం.ఎం. వచ్చింది. ఒకే తెర మీద వీటన్నిటికీ న్యాయం చేయడం ఏ ఆకారానికీ సాధ్యం కాదు. 16:9 తెర మీద స్కోప్ సినిమా వేస్తే పైనా కిందా కలిపి పావు భాగం ఖాళీ. మాయాబజార్ వేస్తే ఆ పక్కా ఈ పక్కా కలిపి పావుకి కాస్త తక్కువ ఖాళీ. అయినా క్రికెట్టూ, సీరియళ్లూ, పాత సినిమాలూ, కొత్త సినిమాలూ అన్నీ చూసే ఇంటికి 16:9 తెరే మధ్యేమార్గం. ఖాళీ మిగిలిన చోట నల్లగుడ్డ పట్టీలు కప్పండి. దర్జీకి ఇచ్చే కూలితో బొమ్మకి వచ్చే నిండుదనం చూస్తే ఆశ్చర్యపోతారు. తెర చుట్టూ నల్ల అంచు వుండేది కూడా అందుకే.

1932లో 'భక్త ప్రహ్లాద'తో మన సినిమా మాట్లాడడం మొదలుపెట్టింది. మాట నటుడి నోటి నుంచే వస్తున్నట్టు వుండాలంటే స్పీకరు తెర వెనకే వుండాలి, శబ్దం తెరని దాటాలి. అందుకని టాకీల తెరలకి సన్నని చిల్లులు పెట్టారు. ఇంటికి కూడా అలాంటి చిల్లుల తెరలూ, జల్లి నేత తెరలూ దొరుకుతాయి. కానీ చిల్లు నుంచి శబ్దంతోపాటు వెలుతురూ పోతుంది. తెర వెనక స్పీకర్లు పెట్టే చోటు లేనివాళ్లు వీటి జోలికి పోనక్కర్లేదు.

ఇంతకీ తెల్లగుడ్డ చాలదా? తోలుబొమ్మలాటకి చాలుతుంది. అక్కడ దీపం తెర వెనక, జనం ముందు. గుడ్డ పలచగా వుంటేనే నిమ్మలకుంట బొమ్మల రంగులు మన వైపుకి వస్తాయి. హోం థియేటర్‌లో దీపమూ మనమూ ఒకే వైపు. పలచని దుప్పటి కడితే సగం వెలుతురు గోడమీదికి పోతుంది. దానికన్నా గోడే నయం. గుంటలు లేకుండా లప్పం పెట్టి, మెరవని తెల్ల ఎమల్షన్ వేసిన గోడ గెయిన్ కూడా 1కి దరిదాపుల్లోనే వుంటుంది. పసుపు చాయ లేని తెలుపు కావాలి, అంతే. కాబట్టి నా సలహా ఇది. ముందు మూడు నెలలు గోడ మీద చూడండి. ఎంత కొలత బాగుందో, ఎవరు ఎక్కడ కూర్చుంటున్నారో, పగలు చూస్తున్నారో రాత్రి చూస్తున్నారో ఈ మూడు నెలల్లో తేలుతుంది. అప్పుడు షాపుకి వెళ్లి రెండు మూడు రకాల తెరల నుంచి జానెడు ముక్కలు అడిగి తెచ్చుకోండి. గోడకి పక్కపక్కన అంటించి, బొమ్మ వేసి, మధ్య నుంచి కాకుండా ఇంట్లో అందరికన్నా చివర కూర్చునే మనిషి చోటు నుంచి చూడండి. అక్కడి నుంచి ఏ ముక్క బాగుంటే అదే మీ తెర.

కొనేటప్పుడు ఇంకొక్క సంగతి. పైనుంచి లాగే చుట్ట తెర చవక, చోటు కలిసొస్తుంది. కానీ కొన్నాళ్లకి అంచులు ముడుచుకుంటాయి. మన వేసవిలో ఫ్యాన్ ఆర్పి సినిమా చూడలేం; ఫ్యాన్ వేస్తే ఆ తెర అలలు పోతుంది, కథానాయిక ముఖం నీళ్లలో నీడలా వూగుతుంది. గోడ ఖాళీగా వుంచుకోగలిగినవాళ్లు చట్రానికి బిగించిన తెర కొనడం ఉత్తమం. ధూపం, అగరొత్తుల పొగ తగిలే చోట మాత్రం పెట్టకండి.

ఇదంతా డబ్బున్నవాళ్ల గొడవ, మనకెందుకని కొందరు మిత్రులు అనొచ్చు. అరచేతిలో ఫోను వుండగా తెర ఎందుకని ఇంకొందరు అనొచ్చు. ఫోను ఒక్కడి తెర. నలుగురున్న ఇంట్లో నాలుగు ఫోన్లు, నాలుగు మూలలు, నాలుగు సినిమాలు. ఒకే బొమ్మ చూసి ఒకేసారి నవ్వడానికి ఇంట్లో మిగిలిన సాధనాలు ఎన్నో లేవు. అలాంటిదొకటి అప్పోసప్పో చేసి కొంటున్నప్పుడు, అదీ ఒక్కడి కోసమే వెలిగితే ఇక ఫోనుకీ దానికీ తేడా ఏముంది?

మన హాస్టల్ కామన్ రూముకి ప్రొజెక్టరూ తెరా కొనాలన్న ప్రతిపాదన యూనియన్ ముందు వుంది. అది కూడా ఒక ఇల్లే, కాకపోతే సభ్యులు ఎక్కువ. అక్కడ మధ్య కుర్చీలు సీనియర్లవి. జూనియర్లు కిటికీల వారగా, గుమ్మం దగ్గర, గోడకి ఆనుకుని చూస్తారు. ప్రొజెక్టర్ గురించి వాదించినంత సేపూ తెర గురించి కూడా వాదించమని మిత్రులను కోరుతున్నాను. కొనే కమిటీలో కనీసం ఒక ఫస్టియర్ విద్యార్థి వుండాలనీ, మచ్చుముక్కలను గుమ్మం పక్క బెంచీ మీద నుంచి చూశాకే ఆర్డరు ఇవ్వాలనీ తీర్మానం ప్రతిపాదిస్తున్నాను. చందా అందరూ ఒకటే కట్టారు. వెలుతురు కూడా అందరికీ ఒకటే రావాలి.